హిమశిఖరమున కట్టిన అంటు

పుష్యమాసపు తెల్లవారుజామున ముసునూరు మామిడితోటలలో నడుచువానికి చలి శత్రువు కాదు. రాత్రులు చల్లబడి పగటియెండ తేటగా కాసినప్పుడే కొమ్మల కొనలయందు పూత విచ్చుకొనుననియు, చలి తప్పిన యేట చిన్నరసమైనను బంగినపల్లియైనను ఆకు చిగిర్చునే గాని పూతతో నిండదనియు నూజివీటి సీమ రైతు తాతలనాటినుండి ఎరిగియున్నాడు. ఒక దుప్పటి కప్పుకొని, తోటగట్టున చితుకుల మంట వేసికొని ఓర్చుకొనదగిన ఇట్టి మృదువైన చలిని మాత్రమే ఎరిగిన తెలుగునేలనుండి, మంచు తప్ప మరియొకటి లేని ఎత్తులకు పోయి, కొందరు తిరిగివచ్చియు, కొందరు తిరిగిరాకయు, మన పూర్వులు ఊహింపని యొక సాహసచరిత్రను నిర్మించినారు. ఆ చరిత్రను తలచుకొనుటకు ఈ పూతకాలమే తగిన సమయము.

ఎనిమిదివేల మీటర్లకు మించిన శిఖరములు భూమిమీద 14 కలవు. అన్నియు హిమాలయ, కారకోరం పర్వతపంక్తులలోనే యున్నవి. 1950లో అన్నపూర్ణతో మొదలై, 1964లో శిశపంగ్మాతో ముగిసిన కాలములో ఆ పదునాలుగింటిపైనను మనుష్యుడు పాదము మోపినాడు. కాని ఆ తొలి ఆరోహణములన్నియు శీతకాలమును తప్పించుకొని జరిగినవే. చలికాలమున ఆకాశపు పైపొరలలో పడమటినుండి తూర్పునకు మహావేగముతో సాగు జెట్ స్ట్రీమ్ అను వాయుప్రవాహము హిమాలయ శిఖరములను ఒరసికొనుచు పోవును. వైశాఖ జ్యేష్ఠములలో, నైఋతి ఋతుపవనము రాబోవు తరుణమున, అది ఉత్తరమునకు జరుగగా, ఆ సంధికాలమున దొరకు కొద్దిదినముల ప్రశాంతతయే ఎవరెస్టు ఎక్కువారికి తెరచిన వాకిలి. మా తోటలలో గాలివానకు ముందే కాయ దింపుకొనవలెనని రైతు ఆత్రపడు ఆ మే నెలలోనే, అచ్చట ఆరోహకుడును ఆకాశము వంక చూచుచు దినములు లెక్కించును. ఇరువురికిని గడువు పెట్టునది ఒక్క ఋతుపవనమే.

శీతకాలమున ఆ వాకిలి మూతపడును. ఎవరెస్టు కొనయందు దొరకు ప్రాణవాయువు ఏ కాలముననైనను సముద్రతీరమున దొరకుదానిలో ఇంచుమించు మూడవవంతే. చలికాలమున వాయుపీడనము ఇంకను తగ్గుటచే ఊపిరి మరింత కరవై, కొండ కొలతలో ఎదుగకున్నను దేహమునకు ఎదిగినట్లే తోచును. పగలు కురుచ, గాలి తీవ్రము, చేతితొడుగు ఒక్కింతసేపు తీసినను వ్రేళ్లు దక్కునన్న నమ్మకము లేదు.

మూసిన ఈ వాకిలిని పట్టుబట్టి తట్టిన జాతి పోలెండు ప్రజలు. తక్కిన దేశములు ఆ శిఖరములపై తమ పతాకములను నిలుపుచున్న కాలమున వారు యుద్ధము మిగిల్చిన శిథిలములనుండి పట్టణములను తిరిగి కట్టుకొనుచుండిరి; ఆ శిఖరములను చేరునాటికి వాటి తొలి ఆరోహణపు కీర్తి ఒకటియు మిగిలియుండలేదు. మిగిలినది శీతకాలమొక్కటే. ఆంద్రెయ్ జవాదా నాయకత్వమున సాగిన యాత్రలో లెషెక్ చిహీ, క్షిష్తోఫ్ విలిట్స్కీ అను ఇరువురు 1980 ఫిబ్రవరి 17న ఎవరెస్టు నెక్కిరి. పదునాలుగు శిఖరములలో పదింటి తొలి శీతారోహణములందు పోలెండువారి పాదముండుట ఆలస్యముగా వచ్చిన యొక జాతి తన పట్టుదలచే సంపాదించుకొన్న గౌరవము. ఆ గౌరవమునకు వెలయు గొప్పదే: 2013 మార్చిలో బ్రాడ్ పీక్ నెక్కిన నలుగురిలో ఇద్దరు దిగిరాలేదు.

కట్టకడపట మిగిలినది 8,611 మీటర్ల కే-2. 2021 జనవరి 16న దానిని జయించినవారు పదిమంది నేపాలీలు. ఏడు దశాబ్దములకు పైగా పరదేశీయుల బరువులు మోసి, వారికొరకు త్రాళ్లు బిగించి, వారి విజయగాథల చివర పేరైనను లేక మిగిలిపోయిన షెర్పాల సంతతియే అందులో తొమ్మండుగురు; పదియవవాడు నిర్మల్ పుర్జా. శిఖరమునకు కొన్ని మీటర్ల దిగువన ముందు చేరినవారు వెనుకవారికొరకు నిలిచి, అందరును కలిసిన పిమ్మట తమ జాతీయగీతమును పాడుచు ఒక్కటిగా కొనకు నడచిరి. తొలి పాదము ఎవరిదను ప్రశ్నకే తావు లేకుండ చేసిన ఆ క్షణమున, జాతిగౌరవమను మాటకు నిండైన అర్థము దొరకినదని నా నమ్మకము.

ఇక మన కథ విజయనగరమునకు చేరువనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో మొదలగును. ఆ బడిలో చదివి సైన్యమున చేరిన లెఫ్టినెంటు ఎం. ఉదయభాస్కరరావుగారు 1985 శరత్తులో భారతసైన్యపు ఎవరెస్టు యాత్రకు పోయిరి. శరత్తు ముగియుచు చలిగాలి తలయెత్తు అక్టోబరు నెల అది. సుమారు 7,900 మీటర్ల ఎత్తుననున్న సౌత్ కోల్ అను కనుమకడ పెనుగాలిలో చిక్కుకొని ప్రాణములు విడిచిన సైనికాధికారులలో ఆయన యొకరు; ఆ యాత్రలో మొత్తము ఐదుగురు అసువులు బాసిరి.

అదే బడిలో చదువుకొనుచున్న నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామపు బాలుడు మల్లి మస్తాన్‌బాబు ఈ పూర్వవిద్యార్థి కథ విని కొండల వైపు మనసు పెట్టినాడు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువులు ముగించినవానికి ఏ కొలువైనను దొరకును. ఆయన కోరినది కొండలను. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో ఆరంభించి, జూలై 10న అలాస్కాలోని దెనాలీతో ముగించి, సప్తఖండముల మహాశిఖరములను 172 దినములలో అధిరోహించి ప్రపంచరికార్డు నెలకొల్పినాడు; నడుమ మే 21న ఎవరెస్టు. 2015 మార్చి 24న, దక్షిణార్ధగోళమున వేసవి వెనుదీయు వేళ, చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతముపై ఒంటరిగా సాగుచు కానరాకపోయినాడు. ఏప్రిల్ తొలివారమున భౌతికకాయము దొరకినది. సముద్రములు దాటి అది స్వగ్రామమునకు వచ్చిననాడు ఆ చిన్న పల్లె జనసంద్రమైనది.

మరియొక పాయ తెలంగాణమున సాగినది. 2007లో ఎవరెస్టు నెక్కిన శేఖర్‌బాబు బచినేపల్లిగారు, సాంఘిక సంక్షేమ గురుకులముల కార్యదర్శిగానుండిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్‌గారి ప్రోత్సాహమున, పేదయింటి పిల్లలకు భువనగిరి ఏకశిలపై తొలిపాఠములు నేర్పినారు. పిమ్మట డార్జిలింగు, ఆ పిమ్మట శీతకాలపు లడఖ్. తెలుగుబిడ్డ గడ్డకట్టు చలిని బడిపాఠముగా చదువుకొన్నది అచ్చటనే. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు హిమపాతము 16 మందిని బలిగొన్న వార్త విన్నను వెనుకాడక, టిబెట్టు వైపునుండి ఎక్కి, మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ 13 ఏండ్ల 11 నెలల ప్రాయమున ఎవరెస్టు చేరిన అతిపిన్న బాలికయైనది. అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెకు తోడు. అది తెలుగునేల రెండు రాష్ట్రములుగా వేరుపడుటకు ఎనిమిదినాళ్ల ముందు. ఆ తుది వారమున యావదాంధ్రులు పంచుకొన్న ఆనందమది.

శిఖరముపై పతాకము నిలుచునది నిమిషములే. పిమ్మట గాలిదే రాజ్యము. అందుచేత జాతిగౌరవమును జెండాతో కొలుచుట చాలదు. మృత్యువును కీర్తికిరీటముగ చూపుటయు తగదు, వెనుదిరుగవలసిన చోట వెనుదిరుగుట ఆరోహకుని ప్రథమ విద్య గనుక. కొలువవలసినది ఒకరినుండి మరియొకరికి అందిన దానిని.

మా ఊరివారు మామిడి టెంక నాటి దాని పండు రుచిని నమ్ముకొనరు. తల్లిచెట్టు కొమ్మను, టెంకమొక్క కాండమును ఎదురెదురుగ చెక్కి, చెక్కిన చోట్లను ఒకదానికొకటి ఆనించి, గట్టిగా కట్టి, కలిసిన పిమ్మట తల్లినుండి వేరుచేయుదురు. రెండును కలియునది గాయమైన చోటనే. సౌత్ కోల్ కడ తగిలిన గాయము కోరుకొండలో నొక బాలుని హృదయమున అతుకుకొన్నది. ఎవరెస్టు చూచి వచ్చిన యొక గురువు చేతిత్రాడు భువనగిరి బండపై ఇద్దరు పిల్లల నడుములకు చేరినది. కట్టు విప్పిన తరువాత అంటు కలిసిన చోట నొక కణుపు మిగులును. చెట్టు ముదిరి మానైనను, మా తోటలలో వంగి చూచువారికి అది నేటికిని కనబడుచునే యుండును.