ఆరేండ్ల లెక్క

భూమి విషయమున దావాకు దిగుటకు ముందు ఎవనికైనను తోచు ప్రశ్న, న్యాయము మన పక్షముననున్నదా యని. నాటి మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరు ప్రాంతపు కౌలురైతునకు 1950 తరువాత ఆ ప్రశ్న ఒక్కటియే చాలకపోయినది. ధర్మమెట్లున్నను, ముందుగా ఆతడు వ్రేళ్లపై ఏండ్లు లెక్కింపవలసివచ్చినది.

ఈ లెక్కను తెచ్చినది 1950 జూన్ 10వ తేదీన అమలులోనికి వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము. ఆ యేట వెల్లోడి మంత్రివర్గములో రెవిన్యూ శాఖను వహించిన బూర్గుల రామకృష్ణారావుగారి యింటిపేరు షాద్‌నగరు చెంతనున్న బూర్గుల గ్రామమునుండి వచ్చినదే. వారు స్వయముగా వకీలు. 1952లో షాద్‌నగరు నుండియే శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రియైరి.

రక్షిత కౌలుదారు అనిపించుకొనుటకు భూమిని ఎడతెగక ఆరేండ్లు స్వయముగా సాగుచేసియుండవలెను. ఆ యారేండ్లు ఫసలీ 1342 మొదలు 1352 వరకు గల కాలములో నిండియుండవచ్చును. లేదా 1948 జనవరి 1కి సరిగా ముందటి యారేండ్లు కావచ్చును. లేదా ఫసలీ 1353 మొదటి దినము, అనగా 1943 అక్టోబరు 6, తరువాత మొదలై చట్టము వచ్చునప్పటికి ముగిసియుండవచ్చును. అయిదేండ్లు చెమటోడ్చి ఆరవయేట తొలగింపబడినవాడు ఈ లెక్కలో నిలువడు. వాని కష్టము తక్కువదా యని మేమడిగిన చట్టము పలుకదు. 1955 నాటి సవరణ మాత్రము, పెద్ద కమతములు గలవారి క్రింద అప్పటికి కౌలు చేయుచున్న కొందరికి మరల త్రోవ చూపినది.

లెక్క కుదిరినను రుజువు కావలెను గదా! నాటి కౌళ్లలో పెక్కు నోటిమాటతో సాగినవి. కౌలుపత్రము లేనివానికి దిక్కు పట్వారీ వ్రాసిన పహాణీ, అదియు ఉర్దూలో. భూస్వామికి దగ్గరవాడైన పట్వారీ సాగుదారు గడిలో ఎవరి పేరు వ్రాసెనో, చదువురాని రైతు తెలిసికొనుట యెట్లు? మా యుద్దేశమున అసలు చిక్కు చట్టములో కన్న ఈ గడిలోనే యుండెను. పైగా మున్సిఫు కోర్టు మెట్లెక్కి లాభము లేదు. ఈ చట్టము క్రింద తేల్చవలసిన సంగతులలో సివిలు కోర్టులకు అధికారము లేదు. వినవలసినవాడు తహశీల్దారు, అప్పీలు కలెక్టరునకు, ఆపైని రివిజను హైకోర్టునకు.

ఇక పొలము విడిచిపోయినవారి మాట. కౌలుదారు తన హక్కు వదలుకొనుట చెల్లవలెనన్న, దానిని వ్రాతమూలకముగా ఇచ్చి, తహశీల్దారు ఎదుట ఒప్పుకొని, అది మనఃపూర్వకమని ఆ యధికారికి తోపింపవలెను. ఊరిచావడిలో వ్రేలిముద్ర వేయించుకొన్న కాగితమునకు ఆ విలువ లేదు. అయినను జరిగినదేమి? ఖుస్రోగారు హైదరాబాదు భూసంస్కరణలను పరిశీలించి 1958లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, 1951లో రక్షిత కౌలుదారులైనవారిలో నాలుగేండ్లకు ఆ స్థితిలో మిగిలినవారు సగమునకన్న తక్కువ. చట్టవిరుద్ధముగా వెళ్లగొట్టబడినవారే అయిదింట ఒక వంతునకు మించిరి. చట్టప్రకారము తొలగింపబడినవారు బహు కొద్దిమంది. “స్వచ్ఛందముగా” వదలుకొన్నవారు మాత్రము తక్కువ కారు. ఆ స్వచ్ఛందమెట్టిదో శ్రోతలు ఊహింపగలరు.

ఈ కథ అంతటితో ముగియలేదు. 38-ఇ సెక్షను క్రింద 1973 జనవరి 1వ తేదీ నిర్ణయింపబడి, రక్షిత కౌలుదారులకు పరిమితులకు లోబడి భూస్వామ్యమే సంక్రమించినది. ఆ నాటికి పొలము చేతిలో లేకపోయినంత మాత్రమున హక్కు పోదని, చట్టప్రకారము స్వాధీనము కోల్పోనివాడు అర్హుడేయని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందుచేత, తన తండ్రి ఎన్నడో పొలము విడిచెనని విని తనకు దావా లేదనుకొన్న కుమారుడు, ఆ విడుచుట యెట్లు జరిగినదని అడుగవలసివచ్చినది. తహశీల్దారు ఎదుట ఒప్పుకొన్న కాగితమున్నచో వ్యాజ్యమునకు చోటు లేదు. లేనిచో, కచేరీలోని 1951 నాటి రక్షిత కౌలుదారుల రిజిస్టరులో తండ్రి పేరు వెదకుటతో పని మొదలగును.