మొయినాబాద్ తోటల్లో పెళ్లి: పందిరి కింద బాధ్యత ఎవరిది?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగుతుంది. మర్రిచెట్ల నీడకు పేరుపడ్డ దారి అది. ఇప్పుడు ఆ చెట్ల మధ్య నుంచి ఫంక్షన్ హాళ్ల, కన్వెన్షన్ సెంటర్ల, ఫామ్‌హౌస్‌ల బోర్డులు కనిపిస్తాయి. ముహూర్తాల రోజుల్లో సాయంత్రమయ్యేసరికి కార్లు బారులు తీరతాయి. నగరంలో పుట్టి పెరిగిన పిల్లల పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కంపెనీల వేడుకలు ఈ రెండు మండలాల తోటల్లో జరుగుతున్నాయి. అలా వేడుక చేసేవాళ్లు, అతిథులకు జరగరానిది జరిగితే ఇవ్వాల్సిన పరిహారానికి ముందుగానే బీమా తీసుకోవాలన్నది నా వాదన. బీమా కంపెనీల ప్రచారం చూసి చెబుతున్న మాట కాదిది. ఈ ఊళ్లు వేడుకల ఊళ్లుగా మారిన తీరు, ఆ మార్పులో మన పెళ్లి పోగొట్టుకున్న ఒక ఏర్పాటు చూస్తే ఈ మాట దానంతటదే వస్తుంది.

ఈ కథకు మొదలు ఒక వరద. 1908 సెప్టెంబరు చివర మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920ల్లో రెండూ అక్కరకొచ్చాయి. వరదను ఆపడంతో పాటు నగరానికి తాగునీరిచ్చాయి. ఆ నీటిని కాపాడడానికి 1996 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, దాదాపు లక్షా ముప్ఫైరెండు వేల ఎకరాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదంది. భూమిలో తొంభై శాతాన్ని వ్యవసాయానికి, వినోద అవసరాలకు కేటాయించమంది. మొయినాబాద్ మండలం చాలావరకు ఆ గీత లోపలే పడింది. అపార్టుమెంట్లు రాలేదు కాబట్టి పచ్చదనం మిగిలింది. పచ్చదనం మిగిలింది కాబట్టి నగరవాసులు తోటలు కొన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక గచ్చిబౌలి నుంచి ఇక్కడికి రావడం తేలికైంది. చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చే జనానికి ఈ దారి ముందే అలవాటు. చేవెళ్ల చుట్టుపక్కల రైతులు పండించే పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి, మండపాల అలంకరణగా మళ్లీ ఈ ఊళ్లకే రావడమూ మొదలైంది. నీళ్ల కోసం పెట్టిన ఆంక్షే ఈ ప్రాంతాన్ని పెళ్లిళ్ల నేలగా మార్చింది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. అప్పటికే ఎన్నో హాళ్లు, ఫామ్‌హౌస్‌లు అనుమతులు ఉన్నాయో లేదో తేలని స్థితిలో వెలిశాయి. బీమా విషయంలో ఇదెందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను.

పెళ్లి తోటలోకి రాక ముందు ఇంటి వాకిట్లో జరిగేది. పాలపొరక తెచ్చి, గుంజలు పాతి, ఆకులు కప్పి పందిరి వేసేవాళ్లు. వేసేది పాలివాళ్లు, ఇరుగుపొరుగు. వంటకు గుండిగలు ఊళ్లో నుంచే వచ్చేవి, వడ్డన ఊరి కుర్రాళ్లది. పందిరి కూలినా, పొయ్యి మంట ఆకులకు అంటుకున్నా ఆర్పేవాళ్లూ వాళ్లే, గాయపడేవాళ్లూ వాళ్లే. పరిహారం అనే మాట ఆ లెక్కలో లేదు, కానీ పంచుకోవడం ఉంది. దాని అచ్చమైన రూపం చదివింపులు. ఎవరెంత చదివించారో కాగితం మీద రాసుకుని, వాళ్లింట్లో లగ్గమైనప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం ఆచారం. ఒక ఇంటిమీద ఒకేసారి పడే బరువును పది ఇళ్లు ఏళ్ల తరబడి మోసే పద్ధతి అది. బీమా చేసే పనీ సరిగ్గా ఇదే. పాతకాలం అంతా మంచిదని నేను అనడం లేదు. ఊరి పంచాయితీలో పేదవాడి గాయానికి దక్కిన విలువ తక్కువ, కూలివాడి చావుకు ఇంకా తక్కువ. అయినా బరువు పంచుకునే ఏర్పాటు ఒకటి ఉండేది.

ఫంక్షన్ హాలు వచ్చాక పందిరి వేసేవాళ్లు, వండేవాళ్లు, దీపాలు పెట్టేవాళ్లు బంధువులు కాకుండా పోయారు. హాలు అద్దె ఒకరికి, షామియానా ఒకరికి, క్యాటరింగ్ ఒకరికి, డీజే మరొకరికి. పని ఇంతమందికి చేరింది కాబట్టి బాధ్యత కూడా వాళ్లకే చేరిందని చాలామంది నమ్మకం. కోర్టులు అలా అనుకోలేదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని దబ్వాలీలో ఒక స్కూలు తన వార్షికోత్సవాన్ని మ్యారేజ్ ప్యాలెస్‌లో జరిపింది. షామియానాకు నిప్పంటుకుని 442 మంది చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా పిల్లలే. పద్నాలుగేళ్ల తర్వాత, 2009లో పంజాబ్, హర్యానా హైకోర్టు పరిహారంలో 55 శాతాన్ని వేడుక జరిపిన వైపు మీద, 45 శాతాన్ని ప్రభుత్వ పక్షం మీద మోపింది. 2006 ఏప్రిల్ 10న మీరట్‌లోని విక్టోరియా పార్కులో వినియోగ వస్తువుల ప్రదర్శన కాలిపోయి 65 మంది మరణించారు. పనంతా కాంట్రాక్టరుకు ఒప్పజెప్పామని, తప్పు అతనిదేనని నిర్వాహకులు వాదించారు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆ వాదన కొట్టేసింది. జనాన్ని పిలిచింది నిర్వాహకులే, కాంట్రాక్టరు వాళ్ల తరఫున పనిచేసినవాడే అంటూ 60 శాతం వాళ్ల మీద, 40 శాతం రాష్ట్రం మీద వేసింది. పరిహారం మొత్తాన్ని మోటారు ప్రమాదాల్లో పాటించే సూత్రాల ప్రకారం లెక్కకట్టమంది.

అవి సంస్థలు జరిపిన కార్యక్రమాలు, ఇంటి పెళ్లికి అవెలా వర్తిస్తాయని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. కుటుంబం లాభం కోసం పెళ్లి చేయదు, టికెట్లు అమ్మదు. ఆ తీర్పుల్లోని శాతాలు ఏ పెళ్లింటికైనా అలాగే వచ్చి పడతాయని నేను చెప్పను. కానీ వాటి వెనకున్న సూత్రం ఒకటే: స్థలం, ఏర్పాట్లు ఎవరి అదుపులో ఉన్నాయి? నగరంలోని హాలులో మేనేజరు, ఎలక్ట్రీషియన్, సెక్యూరిటీ ఉంటారు, అదుపులో ఎక్కువ భాగం వాళ్లది. ఫామ్‌హౌస్ పద్ధతి వేరు. చాలాచోట్ల అక్కడ ఉండేది తాళం తీసి ఇచ్చే వాచ్‌మన్ ఒక్కడే. జనరేటరు, లైట్లు, బాణసంచా, వేదిక, ఈతకొలను పక్కన కుర్చీల వరస, అన్నీ అద్దెకు తీసుకున్న కుటుంబం చెప్పినట్టే జరుగుతాయి. దావత్‌లో మందు పోయడానికి ఎక్సైజ్ శాఖ ఇచ్చే ఒకరోజు లైసెన్సు కూడా వేడుక చేసేవాళ్ల పేరు మీదే ఉంటుంది. ఇంత అదుపు చేతిలో ఉంచుకుని బాధ్యత మాత్రం తోట యజమానిదంటే కోర్టులో నిలవడం కష్టం. తమిళనాడులోని శ్రీరంగంలో 2004 జనవరి 23న ఒక పెళ్లి మండపంలో పైకప్పుగా వేసిన పందిరి అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. పెళ్లికొడుకూ వాళ్లలో ఉన్నాడు. మంటకు మూలం వీడియో తీసే లైటుకు వెళ్లే విద్యుత్ తీగ. పెళ్లి వీడియో వద్దనుకునే ఇల్లు ఈ రోజు ఒక్కటైనా ఉందా?

అలాంటివి మన దగ్గర జరగవు అనుకోవడానికీ లేదు. 2024 జనవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక ఐటీ సంస్థ రజతోత్సవం చేసుకుంటుండగా, అధినేతను వేదిక మీదికి దించుతున్న పంజరం గొలుసు తెగి ఆయన ప్రాణం పోయింది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. లాగింది కాలనీ కుర్రాళ్లు, జరిపింది కాలనీవాసులు. ఇలాంటప్పుడు మన రాష్ట్రాల్లో సాధారణంగా జరిగేవి రెండు: ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది, లేదా పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. ఎక్స్‌గ్రేషియా హక్కు కాదు. ఘటన ఎంత పెద్దది, టీవీలో ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి వచ్చేది. ఇద్దరు గాయపడ్డ పెళ్లికి అది రాదు. రాజీలో బాధితుడి నష్టానికన్నా అతని బలానికే ఎక్కువ విలువ. ఈ రెంటి మధ్య నిలవాల్సింది బీమా.

రోడ్డు విషయంలో మన చట్టం ఈ సంగతి ఎనభై ఏళ్ల కిందటే గుర్తించింది. 1939 మోటారు వాహనాల చట్టం ఇతరులకు కలిగే నష్టానికి బీమా తప్పనిసరి చేసింది, 1946 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1988 చట్టం దాన్ని కొనసాగించింది. 2025 నవంబరులో చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని దాదాపు ఇరవై మంది చనిపోయారు. ఏ పరిహారమూ ఆ ఇళ్ల దుఃఖాన్ని తీర్చదు. అయినా మోటారు ప్రమాదాల్లో బాధితులు వెళ్లడానికి ఒక ట్రిబ్యునల్ ఉంది, సొమ్ము రావడానికి బీమా అనే దారి ఉంది. అదే రోడ్డు మీద పెళ్లికి వెళ్లే ప్రతి కారుకూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలని చట్టం అడుగుతుంది. ఆ కార్లన్నీ ఆగే తోటలో వెయ్యిమంది కూర్చున్నా, ఆ పెళ్లి చేసేవాళ్లను అలాంటి పాలసీ అడిగే చట్టం లేదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది గానీ, ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థల కోసమే దాన్ని రాశారు. వేడుకల బీమా స్వచ్ఛందంగానే మిగిలిపోయింది. 1973లో సాధారణ బీమా జాతీయమయ్యాక వ్యాపారం నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతిలో ఉండేది. 1999 చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చి కొత్త పాలసీలు తెచ్చాయి. వాటన్నింటినీ నియంత్రించే ఐఆర్‌డీఏఐ కార్యాలయం నానక్‌రామ్‌గూడలో ఉంది, మొయినాబాద్‌కు కారులో గంట దూరం కూడా కాదు. అలవాటు మాత్రం ముంబైలో ముందు పాతుకుంది. అక్కడి కింగ్స్ సర్కిల్ జీఎస్‌బీ సేవా మండల్ 2022 వినాయక చవితికి 316 కోట్ల రూపాయలకు పైగా బీమా చేసింది. విగ్రహం బంగారానికి దాదాపు 32 కోట్లు, వలంటీర్లు, పూజారులు, వంటవాళ్లు, చెప్పులు చూసుకునేవాళ్ల వ్యక్తిగత ప్రమాద బీమాకు 263 కోట్లు, వచ్చే జనం కోసం పబ్లిక్ లయబిలిటీ కింద 20 కోట్లు. బంగారం కన్నా మనుషుల మీద ఎనిమిదింతలు పెట్టిన ఆ లెక్క నాకు ఎంతో గౌరవం కలిగించింది. మన చవితి మండపాల కమిటీలు లడ్డూ వేలం లెక్క చెప్పినంత గట్టిగా ఈ లెక్కా చెప్పే రోజు రావాలి.

శుభకార్యం పెట్టుకుని చెడు మాట ఎందుకంటారు పెద్దలు. నేను ఈ అభ్యంతరాన్ని మూఢనమ్మకమని తోసేయను, పెళ్లింట మాట జాగ్రత్త మన సంస్కారంలో భాగం. కానీ మన పెళ్లి మొదలయ్యేదే విఘ్నేశ్వర పూజతో. విఘ్నం వస్తుందేమోనన్న తలంపును మన ఆచారం దాచుకోలేదు, దానికి ముందు వరుసలో చోటిచ్చింది. గుమ్మడికాయతో దిష్టి తీసే ఇంట్లో బీమా కాగితం అపశకునం కానక్కర్లేదు. బీమా ఉంటే నిర్లక్ష్యం పెరుగుతుందనే వాదన మరింత బలమైనది, కొంత నిజం కూడా. అయితే పాలసీ షరతులతో వస్తుంది. బాణసంచా కాలుస్తారా, తాత్కాలిక కట్టడాలు ఎవరు వేస్తున్నారు, ఎంతమంది వస్తారు అని కంపెనీ ముందే అడుగుతుంది. అబద్ధం చెబితే, షరతు మీరితే క్లెయిము పోతుంది. చదివింపుల కాగితానికి ఆ ప్రశ్నలు అడిగే శక్తి ఎప్పుడూ లేదు. పైగా నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పడే శిక్షను ఏ పాలసీ భరించదు, అది నేరం చేసినవాళ్లే అనుభవించాలి.

ఇక కంపెనీలు డబ్బివ్వవన్న అనుభవం. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వచ్చే కేసులు ఉంటూనే ఉంటాయి. ఇక్కడే 111 జీవో మళ్లీ ఎదురవుతుంది. అనుమతి లేని కట్టడంలో, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ లేని హాలులో వేడుక జరిగితే, కంపెనీ చేతికి నిరాకరించడానికి కారణాన్ని మనమే అందించినట్టు. అందుకే మొయినాబాద్‌లో తోట మాట్లాడుకునేటప్పుడు అద్దె, ఏసీ గదుల కన్నా ముందు అడగాల్సినవి అనుమతి కాగితాలు. పాలసీ కోసం ఆ కాగితాలు అడిగే కుటుంబాలు పెరిగితే, అవి లేని తోటల గిరాకీ తగ్గుతుంది. ఇన్నేళ్లలో ఆంక్షలు చేయలేని పనిని ఆ ఒత్తిడి కొంతైనా చేయవచ్చు.

పాలసీలో జాగ్రత్తగా చూడాల్సిన భాగం ఇంకొకటుంది. లయబిలిటీ పాలసీ కాపాడేది మూడో పక్షాన్ని, అంటే అతిథుల్ని, దారిన పోయేవాళ్లను. నిచ్చెన ఎక్కి లైట్లు కట్టే కుర్రాడు, గుండిగ దించే వంటమనిషి, తెల్లవారుజామున షామియానా విప్పే కూలీ సాధారణంగా ఆ లెక్కలోకి రారు. పని చేయించుకునే యజమాని వాళ్లకు పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం చెబుతోంది, దానికి విడిగా పాలసీ దొరుకుతుంది. డెకరేటరుకు, క్యాటరరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు వాళ్ల కూలీల పేరు మీద ఆ పాలసీ ఉందో లేదో అడిగి, కాగితం చూసి, లేకపోతే ఆ ఖర్చు కలుపుకునైనా తీయించాలి. పాత పందిరి కింద అందరికన్నా తక్కువ దక్కింది వాళ్లకే.