మందు లేని సూది

నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్ చేస్తే నొప్పి తగ్గింది. తగ్గించింది సిరంజిలోని మందేనని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. మందు లేకుండా వట్టి సూది గుచ్చినా ఉపశమనం కలుగుతుందన్న సంగతి స్థిరపడటానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఈరోజు ఫిజియోథెరపీ గదుల్లో వినిపించే ‘డ్రై నీడ్లింగ్’ కథ అదే.

1938లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో జోనాస్ కెల్‌గ్రెన్ అనే యువ వైద్యుడు ఒక సాహసం చేశాడు. కండరాల్లోకి 6 శాతం ఉప్పునీళ్లు ఎక్కించి, నొప్పి ఎటు పాకుతుందో గమనించాడు. మెడ వెనుక కండరంలో ఎక్కిస్తే తలలో నొప్పి పుట్టింది. పిరుదు కండరంలో ఎక్కిస్తే తొడలోకి జారింది. నొప్పి ఒకచోట, దాని మూలం మరోచోట ఉండొచ్చని అలా తేలింది. మూలం దొరికినచోట నోవొకెయిన్ అనే మత్తుమందు ఎక్కిస్తే దూరాన ఉన్న నొప్పి కూడా తగ్గేది.

న్యూయార్క్‌లో డాక్టర్ జానెట్ ట్రావెల్ ఆ దారినే ఇంకా ముందుకు నడిచారు. బిగుసుకున్న కండరంలో వేలికి తాడులా తగిలే పోగును, అందులో నొక్కితే రోగి ఉలిక్కిపడే చోటును వెతికేవారు. ఆ చోటుకు ‘ట్రిగర్ పాయింట్’ అన్న పేరు వైద్యలోకంలో నిలిచింది ఆమె వల్లే. 1955 నుంచి ఆమె దగ్గర నడుంనొప్పికి చికిత్స పొందిన జాన్ కెనెడీ, అధ్యక్షుడయ్యాక 1961లో ఆమెనే తన సొంత వైద్యురాలిగా నియమించుకున్నారు. అమెరికా అధ్యక్షుడికి ఆ హోదాలో పనిచేసిన మొదటి మహిళ ఆమె. 1957లో బెలూన్‌లో 30 కిలోమీటర్ల పైఎత్తుకు ఎగిరిన వైమానికదళ వైద్యుడు డేవిడ్ సైమన్స్ తర్వాత ఆమెకు తోడయ్యారు. ఇద్దరూ కలిసి 1983లో తెచ్చిన ట్రిగర్ పాయింట్ల గ్రంథం ఈ రంగానికి ఆధారమైంది.

అసలు మలుపు 1979లో వచ్చింది. ప్రాగ్ నగరపు వైద్యుడు కారెల్ లెవిట్ పాత ఇంజెక్షన్ల ఫలితాలను తిరగేసి, తన రోగులకు మందు లేని సూదితో చికిత్స చేసి చూశాడు. సూది సరిగ్గా ఆ చోటునే తాకితే, చాలామందికి అప్పటికప్పుడే నొప్పి తగ్గింది. ఏ మందు ఎక్కించామన్నదానికన్నా సూది ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యమని ఆయన తేల్చాడు. దీన్నే ‘సూది ప్రభావం’ అన్నాడు. బోలుగా ఉండే ఇంజెక్షన్ సూది పోయి, ఆక్యుపంక్చర్‌లో వాడే వెంట్రుకలాంటి సన్న సూది వచ్చింది. అయితే ఇక్కడ చూసేది చైనా వైద్యం చెప్పే నాడీమార్గాలను కాదు, కండరాన్ని.

సూది తగలగానే ఆ కండరపు పోగు ఒక్కసారి అదురుతుంది. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జే షా బృందం ట్రిగర్ పాయింట్ల నుంచే ద్రవాన్ని తీసి పరీక్షించింది. నొప్పిని రేపే రసాయనాలు అక్కడ ఎక్కువగా కనిపించాయి. అదురు తర్వాత వాటిలో కొన్ని తగ్గాయి. అయినా ట్రిగర్ పాయింట్ అనేదే ఉందా అని వాదించే వైద్యులు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ఈ సూదిని వాడి చూసిన జబ్బుల్లో ఒకటైన ఫైబ్రోమయాల్జియా సంగతి. ఒళ్లంతా నొప్పులు, నిద్రలేమి, తీరని అలసట. రక్తపరీక్షలో, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ శరీరంపై 18 చోట్లను గుర్తించి, వాటిలో కనీసం 11 నొక్కితే నొప్పెడితేనే ఈ జబ్బు అనింది. 2010లో ఆ లెక్కను పక్కనపెట్టింది. నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము అతిగా పెంచి చూపడమే ఇందులో ప్రధానమని ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం.

మరి కండరంలో సూది దేనికి? పొయ్యిలో కట్టెలు తీసేస్తే మంట కొంత దిగినట్టు, కండరాల నుంచి ఎడతెగక వెళ్లే సంకేతాలు తగ్గితే మెదడుకు కాస్త ఊపిరి దొరుకుతుందన్నది ఆశ. 2014లో స్పెయిన్ పరిశోధకులు 120 మంది రోగులను రెండు జట్లు చేశారు. మామూలు మందులకు తోడు 6 వారాలపాటు డ్రై నీడ్లింగ్ అందిన జట్టులో నొప్పి, అలసట తగ్గాయి. చికిత్స ఆపిన 6 వారాలకూ ఆ మేలు చాలావరకు నిలిచింది. కానీ రెండో జట్టుకు ఉత్తుత్తి సూది కూడా వేయలేదు. కాబట్టి నమ్మకం పాలెంతో, సూది పాలెంతో విడదీయలేం.

అందుకే డ్రై నీడ్లింగ్‌ను ఫైబ్రోమయాల్జియాకు విరుగుడు అనడం అన్యాయం. మెల్లగా పెంచే వ్యాయామం, నిద్ర, అవసరమైన మందుల పక్కన దానికో చోటు ఉండొచ్చు. అదీ శిక్షణ పొందిన చేతుల్లోనే. ఛాతీ దగ్గర సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదం ఉంది. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు ముందే చెప్పాలి. నాలుగైదు విడతలకూ గుణం కనబడకపోతే, ఇంకొన్ని చేయించుకోమని ఎవరన్నా ఒప్పుకోనక్కర్లేదు.

కెల్‌గ్రెన్ నుంచి లెవిట్ దాకా అందరూ మొదట చేసింది ఒక్కటే: రోగి నొప్పి అన్నచోట చెయ్యి వేసి చూశారు. పరీక్షల్లో ఏమీ తేలక, అంతా భ్రమ అనిపించుకున్న ఫైబ్రోమయాల్జియా రోగికి సూదికన్నా ముందు అందాల్సిన వైద్యం అదే.