కిమురా పట్టు

కిమురా పట్టు అనునది జూడో, బ్రెజిలియన్ జియుజిట్సు, క్యాచ్ కుస్తీ, మిశ్రమ యుద్ధ క్రీడలలో ప్రయోగించే ఒక కీలు బంధనం. ప్రత్యర్థి చేతిని మోచేతి వద్ద వంచి, వీపు వెనుకకు తిప్పి, భుజం కీలుపై ఒత్తిడి కలిగించడం దీని లక్ష్యం. జూడోలో దీనిని ఉదె-గరామి అంటారు. జపాను భాషలో 'ఉదె' అనగా చేయి, 'గరామి' అనగా మెలిక. క్యాచ్ కుస్తీలో దీని పేరు డబుల్ రిస్ట్‌లాక్. జపానుకు చెందిన జూడో యోధుడు మసహికో కిమురా (1917-1993) పేరు మీదుగా ఈ పట్టు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. విశేషమేమనగా, ఆ పేరును వ్యాప్తిలోకి తెచ్చినది అతని చేతిలో ఓడిపోయిన కుటుంబమే.

పేరు వెనుక చరిత్ర

కిమురా 1937 నుండి 1939 వరకు వరుసగా మూడు సంవత్సరాలు అఖిల జపాను జూడో విజేత. 1951లో అతడు తోటి జూడో యోధులతో కలిసి బ్రెజిల్ వెళ్ళాడు. అక్కడ గ్రేసీ కుటుంబం జూడో నేలపట్లను అభివృద్ధి చేసి తమదైన పద్ధతిని బోధిస్తూ ఉండేది. ఆ కుటుంబానికి చెందిన హీలియో గ్రేసీ (1913-2009) మొదట కిమురా సహచరుడు కటోతో తలపడి ఒకసారి సమంగా నిలిచాడు; రెండవసారి గొంతు పట్టుతో అతనిని ఓడించాడు. తరువాత కిమురాతోనే పోటీ ఏర్పాటయినది.

1951 అక్టోబరు 23న రియో డి జనీరోలోని మరకానాలో ఈ పోటీ జరిగింది. ప్రత్యర్థి లొంగిపోతేనే గెలుపు అన్నది నియమం. అప్పటికి కిమురా వయసు 34, హీలియో వయసు 38. కిమురా బరువులోనూ అధికుడు. రెండవ విడతలో కిమురా అతనిని పడవేసి, నేలపై అదిమి, ఎడమ చేతికి ఈ పట్టు వేశాడు. చేయి విరిగినప్పటికీ హీలియో లొంగలేదు. చివరకు అతని అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీని ఆపించాడు. విజేతపై గౌరవంతో గ్రేసీలు ఆ పట్టును కిమురా అని పిలవసాగారు.

పట్టు వేసే విధానం

ప్రయోగించేవాడు ఒక చేతితో ప్రత్యర్థి మణికట్టును పట్టుకొంటాడు. రెండవ చేతిని ప్రత్యర్థి పై చేతి (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) చుట్టూ పోనిచ్చి, తన మణికట్టునే పట్టుకొంటాడు. చేతులు 4 అంకె ఆకారంలో బిగుసుకొంటాయి. తరువాత ప్రత్యర్థి మోచేతిని లంబకోణంలో ఉంచి, అతని అరచేతిని వీపు వెనుకగా తల వైపుకు తిప్పుతాడు. వెల్లకిలా పడుకొని, ప్రత్యర్థిని కాళ్ళ మధ్య బంధించిన స్థితిలోనూ, ప్రత్యర్థి ఛాతీపై ప్రక్కనుండి అదిమిన స్థితిలోనూ దీనిని వేయవచ్చును.

ఇందులోని సూత్రం పానాతో నట్టు తిప్పడం వంటిది. వంగిన ముంజేయి పానా పిడిగా, భుజం కీలు నట్టుగా పనిచేస్తాయి. పిడి చివర పట్టుకొంటే తక్కువ బలం చాలును. భుజాన్ని త్రిప్పే కండరాలు చిన్నవి కనుక బలవంతుడు కూడా ఎక్కువసేపు తట్టుకొనలేడు. ఇదే పట్టులో చేతిని వ్యతిరేక దిశలో, అనగా చేతి వెనుక భాగం తల ప్రక్కన నేలకు ఆనేటట్లు తిప్పితే దానిని అమెరికానా అంటారు.

తప్పించుకొనే మార్గాలు

ఆదిలోనే మోచేతిని శరీరానికి దగ్గరగా ఉంచుకొనడం ఉత్తమం. రెండు చేతులను కలిపి పట్టుకొనడం, తన నడికట్టునో లాగునో గట్టిగా పట్టుకొనడం కూడా ఉపకరిస్తాయి. చేయి చాపితే 'పిడి' పోతుంది, కాని అప్పుడు మోచేతిపై వేరొక పట్టు పడే అవకాశం ఉంది.

ప్రసిద్ధ పోటీలు

* 2000 ఆగస్టు 27న జపానులో కజుషి సకురాబా ఇదే పట్టును రెంజో గ్రేసీపై ప్రయోగించాడు. మోచేయి స్థానం తప్పినా రెంజో లొంగకపోవడంతో రిఫరీ పోటీని ఆపాడు.
* 2011 డిసెంబరు 10న టొరంటోలో ఫ్రాంక్ మిర్, ఆంటోనియో రోడ్రిగో నొగ్వేరాపై ఈ పట్టుతో గెలిచాడు. నొగ్వేరా లొంగుబాటు తెలిపేలోగానే పై చేతి ఎముక విరిగింది.

నియమాలు, జాగ్రత్తలు

జూడో పోటీలలో మోచేతి కీలుపై మాత్రమే బంధనాలు అనుమతిస్తారు. ఉదె-గరామిని ఆ కోవలోనే లెక్కిస్తారు. అంతర్జాతీయ కుస్తీలో చేతిని 90 డిగ్రీలకు మించి మెలిపెట్టడం నిషిద్ధం. మన కుస్తీలో ప్రత్యర్థిని వెల్లకిలా పడవేయడమే గెలుపు కనుక ఇట్టి లొంగదీసే పట్లకు అంత ప్రాధాన్యం లేదు.

ఈ పట్టు వలన భుజం కీలు తొలగడం, స్నాయువులు చిరగడం, ఎముక విరగడం సంభవించవచ్చును. సాధనలో దీనిని నెమ్మదిగా, గురువు సమక్షంలోనే వేయాలి. ప్రత్యర్థి శరీరాన్ని గానీ నేలను గానీ చేతితో తట్టడం లొంగుబాటుకు సంకేతం. చేయి కదలనప్పుడు కాలితో తట్టవచ్చును లేదా నోటితో చెప్పవచ్చును. సంకేతం అందిన వెంటనే పట్టు విడవడం ప్రయోగించేవాని బాధ్యత. సకాలంలో సంకేతం ఇవ్వడం పట్టుబడినవాని బాధ్యత. హీలియో మొండితనం కథగా నిలిచినా, సాధకులకు ఆదర్శం కాదు.

ఇవి కూడా చూడండి

* జూడో
* కుస్తీ
* బ్రెజిలియన్ జియుజిట్సు
* మసహికో కిమురా