దుడుకుతనం తగ్గితే ధ్యాస కుదిరినట్టేనా? ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఆందోళన పాత్ర

ధ్యాస లోపం, అతిచురుకుదనం, దుడుకుతనం లక్షణాలుగా గల ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసినప్పుడు ధ్యాస, నిగ్రహం ఒకే దిశలో మారవు. ఆందోళన దుడుకుతనానికి కొంత కళ్లెం వేస్తూనే ధ్యాసను మరింత దెబ్బతీయగలదు. రోగనిర్ధారణలో ఈ తేడాకు తగిన ప్రాధాన్యం దక్కడం లేదన్నది ఈ వ్యాసం వాదన.

ఏడీహెచ్‌డీకి మూలం నిగ్రహ లోపమని మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ 1997లో సిద్ధాంతీకరించాడు. శిక్ష పడే సూచన కనబడగానే చేస్తున్న పనిని ఆపించే మెదడు వ్యవస్థే ఆందోళనకు ఆధారమని అంతకు ముందే జెఫ్రీ గ్రే ప్రతిపాదించాడు. ఈ రెండు సిద్ధాంతాలనూ కలిపి చూస్తే, ఆందోళన తోడైన పిల్లల్లో తొందరపాటు తగ్గాలి. స్టీవెన్ ప్లిస్కా 1989 నాటి అధ్యయనంలో అదే తేలింది. తర్వాత వచ్చిన ఫలితాల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. తెరపై గుర్తు కనబడగానే మీట నొక్కాలి, శబ్దం వినబడితే ఆగిపోవాలి: ఇదీ స్టాప్ సిగ్నల్ పరీక్ష. ఇందులో ఆందోళన ఉన్నవారు కొన్ని అధ్యయనాల్లో మెరుగ్గా ఆగగలిగారు, కొన్నింటిలో తేడా కనబడలేదు. కాబట్టి ఆ కళ్లెం బలాన్ని అతిగా అంచనా వేయకూడదు.

ధ్యాస విషయంలో ఆధారాలు ఇంతకంటే కలవరపెట్టేవి. మైకేల్ ఐజెంక్ బృందం 2007లో చెప్పినట్టు, చింత వర్కింగ్ మెమరీలో (పని చేస్తుండగా సమాచారాన్ని మనసులో నిలుపుకొనే జ్ఞాపకంలో) చోటు ఆక్రమిస్తుంది; అదే పనికి ఎక్కువ శ్రమ అవసరమవుతుంది. ఏడీహెచ్‌డీలో ఆ చోటు మొదటే ఇరుకు. రోజ్‌మేరీ టానక్ బృందం 1995లో పిల్లలకు వరుసగా అంకెలు వినిపించి కూడికలు చేయించింది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మందు ఇచ్చాక ఆందోళన లేనివారి వర్కింగ్ మెమరీ మెరుగైంది, ఉన్నవారిది మెరుగుపడలేదు. అతిచురుకుదనం మాత్రం రెండు వర్గాల్లోనూ తగ్గింది. అంటే బయటికి కుదురుగా కనబడే పిల్లవాడి లోపల ధ్యాస కుదరకపోవచ్చు. తిట్లు పడతాయన్న భయంతో నోరు మూసుకున్న విద్యార్థిని టీచర్ 'బాగుపడ్డాడు' అనుకుంటుంది. ఖాళీగా మిగిలిన జవాబు పత్రం బద్ధకం కింద జమ అవుతుంది. ఇది ఆ పిల్లవాడికి జరిగే అన్యాయం.

తికమక ఎదురు దిశలోనూ ఉంది. ఇంటర్ హాస్టల్లో పరీక్షల ఒత్తిడికి ధ్యాస చెదిరిన ప్రతి విద్యార్థికీ ఏడీహెచ్‌డీ ఉన్నట్టు కాదు. ఏడీహెచ్‌డీ అనాలంటే పన్నెండేళ్ల లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలని మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథమైన 2013 నాటి డీఎస్ఎమ్-5 నిర్దేశిస్తుంది. ఏడీహెచ్‌డీ వల్ల ఏళ్ల తరబడి తిన్న చీవాట్ల నుంచే ఆందోళన పుట్టడం కూడా మామూలే.

ఇక చికిత్స విషయానికొస్తే, ఉత్తర అమెరికాలో ఏడీహెచ్‌డీ ఉన్న 579 మంది పిల్లలపై వివిధ చికిత్సలను పోలుస్తూ పద్నాలుగు నెలలపాటు సాగిన ఎమ్‌టీఏ అధ్యయనం 1999లో వెలువడింది. ఆందోళన ఉండి, మొండి ఎదిరింపు వంటి ప్రవర్తనా రుగ్మతలు లేని పిల్లల్లో ప్రవర్తనా చికిత్స మందులకు దీటుగా పనిచేసిందని దాని తదుపరి విశ్లేషణ తేల్చింది. మన వైద్యులకూ స్కూలు కౌన్సెలర్లకూ విన్నపం ఒక్కటే: ఏడీహెచ్‌డీ అనుమానంతో వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ, పిల్లనీ ఏం భయపెడుతోందో తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు అడగండి; చికిత్స మొదలయ్యాక అల్లరి తగ్గిందా అన్నదొక్కటే కాక, చెప్పిన పని గుర్తుంచుకుని పూర్తి చేయగలుగుతున్నారా అన్నదీ చూడండి.