ప్రభుత్వ శాఖల మధ్య సమాచార మార్పిడికి ఉమ్మడి ప్రమాణాలు: సంజామల మండలం ఒక ఉదాహరణ

నంద్యాల జిల్లా సంజామల మండలంలోని ఒక రైతు వివరాలు పలు ప్రభుత్వ శాఖల వద్ద వేర్వేరుగా నమోదై ఉంటాయి. భూమి హక్కు రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్‌లోను, క్రయవిక్రయాలు రిజిస్ట్రేషన్ల శాఖలోను, సాగుచేసిన పంట వ్యవసాయ శాఖ ఈ-క్రాప్‌లోను, రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖలోను ఉండగా, రుణ ఖాతా బ్యాంకులో ఉంటుంది. పెట్టుబడి సాయం గాని, పంట నష్ట పరిహారం గాని ఆ రైతుకు చేరాలంటే ఇవన్నీ ఒకే వ్యక్తిని, ఒకే భూమిని సూచిస్తున్నట్లు నిర్ధారణ కావాలి. నిర్ధారణ కానిచో, అర్హత ఉండి కూడా అర్జీ తిరస్కరణకు గురవుతుంది. ఉమ్మడి డేటా ప్రమాణాల ఆవశ్యకత ఇక్కడే ఏర్పడుతోంది.

పేర్లపై ఆధారపడి సరిపోల్చడం ఎంతమాత్రం నమ్మదగినది కాదు. మన ప్రాంతంలో ఇంటిపేరు ఒక పత్రంలో పూర్తిగా, మరొక పత్రంలో పొడి అక్షరంగా ఉంటుంది. ఇంకొకదానిలో చివరకు చేరుతుంది. ఊళ్ల పేర్లదీ అదే స్థితి. సంజామలకు పొరుగున ఉన్న పట్టణాన్ని కొందరు కోవెలకుంట్ల అని, కొందరు కోయిలకుంట్ల అని వ్రాస్తారు. బనగానపల్లె, బనగానపల్లి రెండూ వాడుకలో ఉన్నాయి. ఇంగ్లీషు వర్ణక్రమాల సంగతి చెప్పనక్కరలేదు.

తెలుగులో నమోదు చేసినంత మాత్రాన చిక్కు తీరదు. ‘రైతు’ అను మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును కలిపి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చును. కంటికి రెండూ ఒకటే. ముందుగా ఏకరూపంలోకి మార్చుకోని పక్షంలో కంప్యూటరు మాత్రం వాటిని రెండు వేర్వేరు మాటలుగా లెక్కిస్తుంది.

కావున అనుసంధానానికి పేరు కాక, స్థిరమైన సంకేత సంఖ్య ఆధారం కావాలి. గ్రామాలు, మండలాలు, జిల్లాలకు ఇటువంటి సంఖ్యలను కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖకు చెందిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కేటాయిస్తోంది. దీని విలువ 2022లో స్పష్టమైంది. ఆ సంవత్సరం ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు జిల్లాలోని 29 మండలాలతో నంద్యాల జిల్లా ఏర్పడింది. వాటిలో సంజామల ఒకటి. మండలం సంఖ్యలోనే జిల్లా సంఖ్యను ఇమిడ్చిన పట్టికలలో ఇటువంటి మార్పు వచ్చినప్పుడు పాత రికార్డులన్నిటినీ తిరగవ్రాయవలసి వస్తుంది. మండలానికి స్వతంత్ర సంఖ్య ఉన్నచోట, అది ఏ తేదీ నుండి ఏ జిల్లా పరిధిలోనిదో తెలిపే ఒక్క అంశాన్ని సవరిస్తే చాలును.

పాత్రికేయులు గమనించదగిన విషయం మరొకటి ఉంది. 2011 జనగణనలో సంజామల కర్నూలు జిల్లా (సంఖ్య 552) క్రింద ఉంది. ఆనాటి కర్నూలు జిల్లా జనాభా 40.53 లక్షలు. నేటి నంద్యాల జిల్లాకు అందులో సుమారు 17.8 లక్షలు వస్తుంది. ఇది మండలాల వారీగా కూడగా తేలిన అంకె. 2022కు ముందు, తరువాత ‘కర్నూలు జిల్లా’ గణాంకాలను నేరుగా పోల్చడం సరికాదు.

సంఖ్య ఉన్నంతనే సరిపోదు, అది అన్ని శాఖలకూ ఒకటే కావాలి. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆంధ్రప్రదేశ్ సంఖ్య 28. జి.ఎస్.టి. నమోదు సంఖ్యలో మాత్రం 2014 విభజన అనంతర ఆంధ్రప్రదేశ్‌ను 37 సూచిస్తుంది. తెలంగాణకు రెండింటిలోనూ 36. వాణిజ్య పన్నుల డేటాను పంచాయతీ డేటాతో జతపరచువారు ఈ తేడాను గుర్తించకపోతే రాష్ట్రమే తారుమారవుతుంది.

వ్యక్తి గుర్తింపు, ప్రాంత సంకేతాలకు సంబంధించిన డేటా ప్రమాణాలను, యూనికోడ్ ప్రమాణాన్ని కేంద్ర ప్రభుత్వం 2009 నవంబరులో ప్రకటించింది. బహిరంగ ప్రమాణాల విధానం 2010లోను, వ్యవస్థల పరస్పర అనుసంధాన చట్రం 2015లోను వెలువడ్డాయి. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ ‘కార్డ్’ 1998లోనే ప్రారంభమైనా, నాటి ప్రాజెక్టులు ఏ శాఖకు ఆ శాఖవిగా రూపొందినవి. శాఖలన్నిటికీ ఒకే నిర్మాణ ప్రణాళిక అనే ఆలోచన 2015 నాటి ఈ-ప్రగతితో ముందుకు వచ్చింది. ఎస్టోనియా 2001లోనే ఎక్స్-రోడ్ ద్వారా ఈ పని మొదలుపెట్టింది. అక్కడ డేటా ఆయా శాఖల వద్దనే ఉంటుంది, అడిగే తీరు, ఇచ్చే తీరు మాత్రమే ఉమ్మడి.

భూమి విషయంలో పరీక్ష మరింత కఠినమైనది. 2020 డిసెంబరులో ప్రారంభమైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానే ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. రైతు చేతిలోని దస్తావేజుపై, బ్యాంకు తాకట్టు పత్రంపై ఉన్నది పాత నంబరే. పాత, కొత్త నంబర్ల పొంతన పట్టిక రెవెన్యూ, రిజిస్ట్రేషన్, బ్యాంకు వ్యవస్థలు మూడింటిలోను ఒకే విధంగా ఉండకపోతే, తన పొలం తనదేనని రైతు తిరిగి రుజువు చేసుకోవలసి వస్తుంది. సరిహద్దు బిందువుల అక్షాంశ, రేఖాంశాల ఆధారంగా ప్రతి కమతానికి 14 స్థానాల విశిష్ట సంఖ్య ఇచ్చే పథకాన్ని కేంద్రం 2021లో ఆరంభించినది ఇటువంటి చిక్కులను తొలగించుటకే.

సంఖ్య ఒకటైనంత మాత్రాన ప్రతి శాఖా ప్రతి వివరమును చూడవచ్చునని అర్థం కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో ఆమోదం పొందింది. ఏ అధికారి ఏ వివరాన్ని ఏ ప్రయోజనానికి కోరారన్నది నమోదు కావలసిన అంశాలలో చేర్చి, ప్రమాణాల రూపకల్పన దశలోనే దానికి స్థానం కల్పించవలసి ఉంటుంది.