తిరగని బండికి ఆయిల్ ఎందుకు? మన సంఘం వ్యాను కథ

మొన్న హోసూరు మీటింగులో వ్యాను రిపేరు లెక్క చదివితే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "తొమ్మిది నెలలు షెడ్డులోనే ఉంది కదా, ఇంజను ఎట్లా పోయింది?" అని పెద్దలు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. తిరుపతి యాత్రలకని లోపల పడకలు, పొయ్యి పెట్టించుకున్న వ్యాను అది. కిలోమీటర్లు తిరగలేదు గనక ఆయిల్ మార్చనక్కర లేదని మేమూ అనుకున్నాం.

ఈ ఆయిల్‌కు పాత కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలకు పోసింది ఆముదమే, మన అమ్మమ్మలు పిల్లల తలకంటిన ఆముదమే! అది పెట్రోలులో తేలిగ్గా కరగదు. ఇంగ్లండులో 1899లో మొదలైన వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదానికున్న ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. కానీ ఆముదం వేడికి జిగురు కడుతుంది. రోడ్డు బండ్లకు చివరికి మినరల్ ఆయిలే నిలిచింది.

పడకల వ్యాన్లలో పేరున్నది ఫోక్స్‌వ్యాగన్. 1950లో వచ్చిన ఆ బండి ఇంజనుకు రెండున్నర లీటర్ల ఆయిలే, ఫిల్టరు లేదు, ఉన్నది తీగ జల్లెడ. అందుకే దాదాపు ఐదు వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చేవాళ్లు.

1930లలో డీజిల్ ఇంజన్ల పిస్టన్ రింగులు మసితో అతుక్కుపోతుంటే, మసిని కడిగే మందు ఆయిల్‌లో కలపడం మొదలైంది. కాబట్టి డీజిల్ బండి ఆయిల్ నల్లబడిందంటే కల్తీ అని కాదు, కడుగుతోందని.

ఇక మా తప్పు. ప్రతి శుక్రవారం కర్పూరం వెలిగించి, ఇంజను ఐదు నిమిషాలు ఆడించి ఆపేసేవాళ్లం. మంచి చేస్తున్నామనే! ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది. బండి దూరం నడిస్తే ఆ తేమ వేడికి ఎగిరిపోతుంది. ఐదు నిమిషాల్లో పోదు, ఆయిల్‌లో చేరి ఆమ్లాలతో కలిసి బేరింగులను తింటుంది. మూత తీస్తే లోపల మజ్జిగలాంటి ముద్ద. మెకానిక్కు మాటాడకుండా మాకేసి చూసినాడు.

ఇకమీద తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి, షెడ్డులో పెట్టే ముందే, ఇంజను వేడిగా ఉండగా ఆయిల్ దించి ఫిల్టరుతో సహా మారుస్తాం. తేదీ షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తాం. శుక్రవారం పూజ ఉంటుంది, తాళం మాత్రం తిప్పం. దించిన ఆయిల్ కాలవలో పొయ్యకుండా పాత ఆయిల్ తీసుకునే లైసెన్సున్నవాళ్లకే ఇస్తాం. వచ్చే ఆదివారం పొద్దున ఈ పని పెట్టుకున్నాం, చేయి వేయగలిగిన కుర్రవాళ్లు రండి.